దుబాసీకి ఉద్వాసన

2008 ఆగస్టు నెలాఖరు. పైథాన్ 3.0 విడుదల గడప దాకా వచ్చేసింది. పాత ప్రోగ్రాములు ఉన్నవి ఉన్నట్టుగా కొత్త పైథాన్‌లో నడవవని ముందే చెప్పేశారు కాబట్టి, ప్రతి మాడ్యూల్‌నూ ఎవరో ఒకరు కూర్చుని మరమ్మతు చేయాలి. స్పెయిన్ ప్రోగ్రామర్ హెసూస్ సెయా వంతుకు వచ్చింది వాటిలో మహా మొండి ఘటం. పేరు బిఎస్‌డిడిబి. వేసవంతా దానితో కుస్తీ పట్టి, 3.0లో కూడా నడిచేలా దాన్ని తిరగరాసి, ఆ నెలాఖరుకు కోడ్‌ను అప్పజెప్పారు.

నెల తిరగలేదు. సెప్టెంబరులో ఆ మాడ్యూల్‌ను పైథాన్ 3.0 నుంచి ఏకంగా తీసి పక్కన పెట్టారు.

ఈ కథ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. బర్క్‌లీ డిబి 1990ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పుట్టిన డేటాబేస్. మార్గో సెల్ట్‌జర్, కీత్ బోస్టిక్, మైక్ ఓల్సన్ దాని తొలి రూపకర్తలు. దానికి సర్వర్ ఉండదు, ఎస్‌క్యూఎల్ ప్రశ్నలుండవు. మన ప్రోగ్రాంలోనే కలిసిపోయి కూర్చుంటుంది. కీ ఇస్తే విలువ ఇస్తుంది, అంతే. 1996లో నెట్‌స్కేప్ కంపెనీ అడిగితే దాన్ని మెరుగుపరచడానికి సెల్ట్‌జర్, బోస్టిక్ స్లీపీక్యాట్ అనే సంస్థ పెట్టారు. 2006లో ఒరాకిల్ దాన్ని కొనేసింది. అప్పటికే బర్క్‌లీ డిబి ఎన్ని ప్రోగ్రాముల కడుపులో చేరిందో వాడేవాళ్లకే తెలియదు. ఆ తర్వాత వచ్చిన బిట్‌కాయిన్ తొలినాటి వాలెట్ ఫైలు కూడా బర్క్‌లీ డిబి ఫైలే.

బర్క్‌లీ డిబి మాట్లాడేది సి భాష. పైథాన్ ప్రోగ్రామర్‌కు ఆ గొడవ అక్కర్లేదు. ఇద్దరికీ మధ్య నిలబడే దుబాసీయే బిఎస్‌డిడిబి. పైథాన్ ఇచ్చిన కీని డేటాబేస్‌కు అర్థమయ్యే మూటగా కట్టాలి. డేటాబేస్ డిస్కు దగ్గర ఆగినప్పుడు మిగతా థ్రెడ్లు నిలిచిపోకుండా, ఒకసారికి ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే పైథాన్ పెద్ద తాళాన్ని వదలాలి. డేటాబేస్ మధ్యలో వెనక్కి పిలిస్తే ఆ తాళాన్ని మళ్లీ చేజిక్కించుకోవాలి. పైథాన్‌లో తప్పు రాస్తే ఎర్రర్ మెసేజ్ వస్తుంది. ఇక్కడ తప్పు జరిగితే మెసేజ్ ఏమీ రాదు, ప్రోగ్రాం మొత్తం ఒక్కసారిగా కూలిపోతుంది.

ఈ కోడ్ ఎన్ని చేతులు మారిందో దాని మొదటి పేజీ వ్యాఖ్యలోనే రాసి ఉంది. రాబిన్ డన్ రాసిన మాడ్యూల్‌ను చూసి గ్రెగరీ స్మిత్ మరొకటి కట్టారు. యంత్రం పుట్టించిన కోడ్ వద్దని ఆండ్రూ కుచ్లింగ్ చేత్తో తిరగరాయడం మొదలుపెట్టారు. అది చుట్టూ తిరిగి మళ్లీ రాబిన్ డన్ దగ్గరికే చేరింది. డిజిటల్ క్రియేషన్స్ సంస్థ తరఫున ఆయన దాన్ని పూర్తి చేసి, గట్టి పరీక్షలు కూడా రాసి, డబ్ల్యూఎక్స్‌పైథాన్ పని మీద వెళ్లిపోయారు. భారం మళ్లీ స్మిత్ మీద పడింది. 2008 జనవరిలో సెయా అందుకున్నారు. ఊరి చెరువుకు గండి పడితే ఎవరికి తీరిక ఉంటే వాళ్లు మట్టి తట్ట ఎత్తినట్టు సాగింది వ్యవహారం.

2003 జులైలో వచ్చిన పైథాన్ 2.3 ఈ మాడ్యూల్‌కు పట్టాభిషేకం. అంతకుముందున్న పాత మాడ్యూల్ బర్క్‌లీ డిబి 1.85 కాలంనాటిది. ఆ వెర్షన్‌లో హ్యాష్ ఫైళ్లు పాడయ్యే లోపాలున్నాయి. దాన్ని వేరే పేరుతో మూలకు నెట్టి, కొత్తదాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. చిక్కల్లా ఫైళ్లతోనే. కొత్త లైబ్రరీతో కట్టిన పైథాన్‌కు మారితే పాత డేటాబేస్ ఫైళ్లను కూడా మార్చుకోక తప్పదని విడుదల పత్రాల్లోనే హెచ్చరించారు. అందుకోసం రెండు చిన్న స్క్రిప్టులిచ్చారు. ఒకటి డేటాబేస్‌ను బయటికి కక్కిస్తుంది, రెండోది తిరిగి మింగిస్తుంది. పాత పైథాన్ ఉండగానే మొదటిది నడపాలన్నమాట. విడుదల పత్రాలు చదివే అలవాటు మనలో ఎంతమందికుందో చెప్పాలా!

సెయా చేతికొచ్చేసరికి సమస్యలు ముదిరాయి. కర్సర్ డేటాబేస్ మీద, డేటాబేస్ ఎన్విరాన్‌మెంట్ మీద ఆధారపడినవి. పెద్దదాన్ని ముందు మూసేస్తే చిన్నది గాలిలో వేలాడుతుంది. దేని కింద ఏది తెరిచి ఉందో లెక్క పెట్టుకుని, పెద్దదాన్ని మూయగానే చిన్నవన్నీ వాటంతటవే మూసుకునేలా చేశారాయన. ఆపైన పైథాన్ 3 తెచ్చిన తంటా. అందులో అక్షరాలు వేరు, బైట్లు వేరు. డేటాబేస్‌కు మాత్రం బైట్లు తప్ప మరేవీ తెలియవు.

వీటన్నిటినీ మించింది పరీక్షల గోల. పైథాన్‌లో మార్పు చేరిన ప్రతిసారీ రకరకాల యంత్రాలు దాన్ని కట్టి పరీక్షించి పచ్చ, ఎరుపు చూపిస్తాయి. బిఎస్‌డిడిబి పరీక్షల్లో థ్రెడ్లుంటాయి, లాకులుంటాయి. రెండు థ్రెడ్లు ఒకదానికోసం ఒకటి ఆగిపోతే డేటాబేస్ ఒకదాన్ని బలిచ్చి ముడి విప్పుతుంది. ఒక యంత్రంలో పచ్చ చూపింది మరోదానిలో ఎరుపు చూపేది. విడుదల దగ్గరపడుతుంటే అలాంటి మాడ్యూల్‌ను మోయడానికి ఎవరికి ఓపిక ఉంటుంది?

పైథాన్ ప్రామాణిక లైబ్రరీలోంచి ఏవి తీసేయాలో చెప్పే పెప్ 3108 పత్రంలో ఈ తొలగింపుకు రెండు కారణాలు రాశారు. ఒకటి నిలకడలేని పరీక్షలు. రెండోది, బర్క్‌లీ డిబి విడుదలల తేదీలకూ పైథాన్ తేదీలకూ పొంతన లేకపోవడం. నా దృష్టిలో అసలు దోషి ఈ రెండోదే. పైథాన్ 2.5 వచ్చింది 2006 సెప్టెంబరులో, 2.6 వచ్చింది 2008 అక్టోబరులో. ఆ రెండేళ్ల సందులో బర్క్‌లీ డిబి 4.6, 4.7 వచ్చేశాయి. ప్రామాణిక లైబ్రరీలో బందీగా ఉన్న మాడ్యూల్ అంత వేగం ఎలా అందుకుంటుంది? కాబట్టి తీసేయడం సబబే. తీసిన వేళ మాత్రం దారుణం. సెయా కష్టపడి అప్పజెప్పాక కాదు, ఆయన మొదలుపెట్టకముందే తేల్చి చెప్పాల్సిన మాట అది.

సెయా ఆగిపోలేదు. మాడ్యూల్‌ను విడిగా, బర్క్‌లీ డిబి అడుగులకు తగ్గట్టు నడిపించారు. 2013లో ఒరాకిల్ బర్క్‌లీ డిబి 6.0 వెర్షన్‌తో లైసెన్సును కఠినమైన ఏజీపీఎల్‌కు మార్చాక చాలా ప్రాజెక్టులు డేటాబేస్‌నే వదులుకున్నాయి. వంశవృక్షాలు భద్రపరిచే గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్ కూడా 5.1 నుంచి కొత్త వృక్షాలకు ఎస్‌క్యూలైట్ వైపు మొగ్గింది. పైథాన్‌లో ఖాళీ అయిన ఆ స్థానాన్ని ఎస్‌క్యూలైట్‌తో నింపుదామన్న ప్రతిపాదన 2008 సెప్టెంబరులోనే వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2024 అక్టోబరులో, పైథాన్ 3.13తో.

మీ ఆఫీసు మూలలో ఎక్కడైనా పైథాన్ 2 నడుస్తున్న పాత పెట్టె ఉందా? అందులో బర్క్‌లీ డిబి ఫైళ్లున్నాయేమో ఈ వారమే చూడండి. ఉంటే, ఆ పెట్టెలోనే ఉన్న అదే వెర్షన్ డంప్ సాధనంతో వాటిని మామూలు టెక్స్టుగా బయటికి తీసి దాచుకోండి. పెట్టె ఆగిపోయాక అదే వెర్షన్ వెతికి పట్టుకోవడం చాలా కష్టం.