వెయ్యి బీడీల కూలి, వెయ్యి రూపాయల పెన్షను

మా వాళ్ళు షోలాపూరులో స్థిరపడి నాలుగు తరాలైంది. తెలంగాణ పల్లెల నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీల్లో మా పెద్దలూ ఉన్నారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టారు. మగవాళ్ళు మిల్లుకో సాంచెలకో పోతే, ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టారు. మగ్గం గురించి మేము చాలా చెప్పుకుంటాం, చాట గురించి తక్కువ. కానీ ముసలితనంలో నెలనెలా ఇంటికొచ్చే పైసలు చాలా ఇండ్లలో ఆ చాటవే.

బీడీ కూలి వెయ్యికింత అని లెక్క. కారఖానాకు పోయి ఆకు, తంబాకు తెచ్చుకోవాలె, చుట్టి కట్టలు కట్టి అప్పజెప్పాలె. బాగాలేవని పక్కన పడేసిన వాటికి కూలి రాదు.

1977లో బీడీ పనికీ ప్రావిడెంట్ ఫండ్ వర్తించింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు మా నౌకర్లు కారని యజమానులు కోర్టుకు పోయారు. వాళ్ళూ ఉద్యోగులేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. 1995 నవంబరు 16న పెన్షను పథకం వచ్చింది. పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకు పెన్షను.

చిక్కు లెక్కలో ఉంది. చివరి సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించి 70తో భాగిస్తారు. నెలకు 2,000 రూపాయల లెక్కన పదిహేనేళ్ళు చేసినామె పెన్షను దాదాపు 429 రూపాయలు. కూలి తక్కువైతే పెన్షనూ తక్కువే. పైగా ఆ పథకం కంటే ముందు బీడీలు చుట్టిన ఏళ్ళకు ఈ లెక్క వర్తించదు, వాటికి వేరే లెక్క. 2014 సెప్టెంబరు నుంచి కనీసం 1,000 ఇస్తామన్నారు. పదేళ్ళు నిండినా ఆ అంకె మారలేదు.

మరి ఎట్లా బతికారు? మొదటి ఆసరా సొంత గూడు. నర్సయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో బీడీ కార్మికులు కొట్లాడి కుంభారిలో 10,000 ఇండ్లు కట్టించుకున్నారు. కార్మికుల వంతు, కేంద్రం వంతు, రాష్ట్రం వంతు కలిపి కట్టిన ఆ ఇండ్లను 2006లో అప్పగించారు. కిరాయి లేకపోతే వెయ్యికి కొంచెం బలమొస్తుంది. రెండోది తిండి పొదుపు. జొన్న కడక్ రొట్టెలు కాల్చి ఎండబెడితే రోజుల తరబడి నిలువ ఉంటాయి, పల్లీల చట్నీ ఉంటే కూర అక్కర్లేదు. మూడోది భిశీ. వాడకట్టు ఆడవాళ్ళు నెలకింత వేసి, వంతుల వారీగా ఎత్తుకుంటారు. మందుల ఖర్చుకు, మనవరాలి ఫీజుకు అదే బ్యాంకు.

ఏటా ఒకసారి బతికే ఉన్నామని రుజువు చూపాలె. దశాబ్దాలు ఆకు, తంబాకు రాసుకుని వేళ్ళ గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర యంత్రం వాటిని గుర్తుపట్టదు. ఇప్పుడు ముఖం చూపించే పద్ధతి వచ్చి ఆ తిప్పలు కొంత తగ్గాయి.

మీ ఇండ్లలో పాత పాస్‌బుక్కులు, కారఖానా కార్డులు ఉంటే పారేయకండి. ఆ ఆడవాళ్ళు ఎన్నేళ్ళు పనిచేశారో రాసి ఉన్న కాగితాలు అవే.