భారతం మిట్ట నుంచి బుల్లితెర దాకా

ప్రజారోగ్యం కోసం, గ్రామాభివృద్ధి కోసం టెలివిజన్ నాటకం అనగానే మన విమర్శకులు మొహం చిట్లిస్తారు. అది సమాచార శాఖ వ్యవహారమనీ, సాహిత్యంతో దానికి పని లేదనీ వాళ్ల భావన. ఆ నాటకాల చరిత్రను కాస్త పరిశీలిస్తే, అవి నిలబడినా కూలబడినా కారణం చాలావరకు రచనలోనే కనిపిస్తుంది.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు ఏడాదిపాటు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ప్రధాన వస్తువులు. అయితే అది ఎమర్జెన్సీ కాలమన్న సంగతి మరువరాదు. ఒకవైపు బలవంతపు ఆపరేషన్లు జరుగుతుంటే, తెరమీద కుటుంబ నియంత్రణ గురించి ఎంత తీయగా చెప్పినా పల్లె జనం దాన్ని ఏ చెవితో విని ఉంటారు? చెప్పేవాడి మీద నమ్మకం లేనప్పుడు చెప్పిన మాట ఎంత మంచిదైనా చెల్లదు.

ఆ ఏడాదే గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మరో ప్రయత్నం మొదలైంది. పిజ్ అనే ఊళ్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, ఆ ప్రాంతపు చరోతరీ యాసలోనే నాటకాలు తీశారు. రచనలోనూ నటనలోనూ పల్లె జనాన్ని కలుపుకున్నారు. వరకట్నం, వితంతు వివాహం వంటి సమస్యలు కథలయ్యాయి. 'చతుర్ మోటా' అనే సీరియల్ అలా వచ్చిందే. 1984లో ఈ కృషికి యునెస్కో బహుమతి దక్కింది. ఖేడా గురించి మన పత్రికల్లో రావలసినంత చర్చ రాలేదని నా అభిప్రాయం.

1984 జులై 7న ఢిల్లీ దూరదర్శన్ 'హమ్ లోగ్' ప్రారంభించింది. మెక్సికోలో మిగెల్ సబిదో అక్షరాస్యత కోసం, కుటుంబ నియంత్రణ కోసం నడిపిన సీరియళ్లు దానికి నమూనా. మనోహర్ శ్యామ్ జోషి రచయిత. మొదటి భాగాల్లో నీతిబోధ పాలు ఎక్కువై జనం విసుక్కున్నారు. కుటుంబ నియంత్రణ పాలు తగ్గించి, ఇంటి గొడవలు పెంచాక ఆదరణ వచ్చింది. నూట యాభైకి పైగా భాగాలు నడిచింది. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవాడు. అన్నీ భరించే తల్లి భగవంతి పాత్రను 'ఇలా ఉండకండి' అని చెప్పడానికి సృష్టిస్తే, చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శమనుకున్నారు. రచయిత ఉద్దేశం ఒకటి, పాత్ర చేసే పని మరొకటి. దీన్ని మించిన సాహిత్య సమస్య ఏముంది? పైగా అది హిందీ. మద్రాసులో దానికి ఆదరణ అంతంతమాత్రమే.

కథను రోజుకింత చొప్పున నడిపి జనాన్ని కూర్చోబెట్టే విద్య మెక్సికో నుంచి దిగుమతి అయిందంటే మా చిత్తూరు జిల్లావాళ్లకు నవ్వొస్తుంది. ఇక్కడ ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసుర వధ నాడు భీముడు అన్నం బండెక్కి వీధులు తిరుగుతాడు. తపస్సు మాను కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో పడుకుంటారు (ఆరోగ్య శాఖ గమనించవలసిన ప్రేక్షకులు!). హరికథకూ నాటకానికీ నడుమ ఊరంతా కథ గురించే మాట్లాడుకుంటుంది. టెలివిజన్ వాళ్లు వెతుక్కున్న చర్చ ఇదే.

1990ల తొలి ఏళ్లలో ఈ జిల్లా అక్షరాస్యతా ఉద్యమానికి 'అక్షర తపస్మాన్' అని పేరు. ఆ పేరు వింటే ఇక్కడివాళ్లకు అర్జునుడెక్కిన మాను గుర్తుకు రాక మానదు. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. వాచకంలోని సీతమ్మ కథ, కళాజాతాల నాటికలు వాళ్లలో చర్చ రేపాయి. ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ కథ సాదాసీదాదే. కానీ అందులోని తాగుబోతు మొగుడు ప్రతి వీధిలోనూ ఉన్నాడు.

ఇవాళ ప్రతి ఇంట్లో సీరియల్ ఉంది. అందులో ఆరోగ్యం మాత్రం లేదు. అది మధ్యలో ప్రకటనగా వచ్చి పోతుంది. మా బడిలో ఆడపిల్లలకు వారానికొక ఐరన్ మాత్ర ఇస్తాం. వేసుకుంటే ఒక్కోసారి కడుపులో తిప్పుతుంది, మలం నల్లబడుతుంది. 'ఇంగ ఆ బిళ్ల మింగబాక మే' అంటుంది తల్లి. పిల్ల కిటికీలోంచి విసిరేస్తుంది. మాకిచ్చిన కరపత్రంలో రక్తహీనతకు నిర్వచనం ఉంది గానీ ఈ తల్లి భయానికి జవాబు లేదు. ఆ సంభాషణ రాయగలిగేది కథకుడే.

పోయిన వేసవిలో మా దగ్గరి పల్లెలో భారతం చూశాను. హాస్యగాడు భీముణ్ణి ఆపి, 'బండెడన్నం తింటా ఉండావే, షుగరు చూపిచ్చుకున్న్యావా సామీ?' అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నా పక్కనున్న పెద్దాయన కూడా నవ్వి, ఆసుపత్రిలో ఆ పరీక్ష పరగడుపున చేస్తారా, తిన్నాక చేస్తారా అని నన్నడిగాడు.