సంకేతం ఉన్నా మొలకెత్తని నాళాలు: క్లోమ క్యాన్సర్లలో రక్తనాళ వృద్ధి

క్లోమానికి సీటీ స్కాన్ తీసేటప్పుడు నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. ఆ మందు ధమనుల్లో పారుతున్న కొద్ది సెకన్లలో తీసిన చిత్రంలో రెండు రకాల కణితులు రెండు తీరుల్లో కనిపిస్తాయి. ఇన్సులిన్ వంటి హార్మోన్లు తయారయ్యే లాంగర్‌హాన్స్ పుటికలకు చెందిన న్యూరోఎండోక్రైన్ కణితి చాలావరకు తెల్లగా మెరుస్తుంది. జీర్ణరసం పారే గొట్టాల తరహా కణాలతో పెరిగే డక్టల్ అడినోకార్సినోమా మాత్రం పక్కనున్న మామూలు గ్రంథి కంటే నల్లగా ఉండిపోతుంది. క్లోమ క్యాన్సర్లలో 90 శాతం దాకా ఈ రెండో రకమే. విచిత్రమేమంటే, కొత్త రక్తనాళాలను పుట్టించే ప్రధాన సంకేతమైన వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ ఈ నల్లటి కణితిలోనూ దండిగానే దొరుకుతుంది. మరి నాళాలెందుకు పలచగా ఉన్నాయి?

నెత్తురు అందకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదని జూడా ఫోక్‌మన్ 1971లో వాదించాడు. ఆ ఆకలి సంకేతంగా మారే తీరు తర్వాత తేలింది. ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడు హిఫ్ అనే ప్రొటీన్‌ను కణం ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. కొరత వస్తే అది నిలిచి, కేంద్రకంలో చేరి, వీఈజీఎఫ్ జన్యువును మేల్కొలుపుతుంది. దీన్ని విడమరిచిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ దక్కింది.

అయితే సంకేతం తయారైనంత మాత్రాన పని జరగదని చూపింది క్లోమ కణితులున్న ఎలుకలే. డగ్లస్ హనహాన్ 1985లో, పుటికల్లోని ఇన్సులిన్ కణాల్లో మాత్రమే క్యాన్సర్ జన్యువు పనిచేసే ఎలుకలను తయారుచేశాడు. వాటి పుటికలు వందల సంఖ్యలో ఉబ్బుతాయి, కానీ కొన్ని మాత్రమే సూక్ష్మదర్శిని కింద ఎర్రబడి, నెత్తురు చిమ్మినట్టు కనిపిస్తాయి. ఫోక్‌మన్‌తో కలిసి 1989లో ప్రచురించిన ప్రయోగంలో పుటికలను విడదీసి, కొలాజెన్ జిగురులో రక్తనాళ కణాల పక్కన ఉంచారు. ఎర్రబడినవి ఆ కణాలను తమవైపు లాక్కున్నాయి. మామూలువి లాక్కోలేదు.

ఇక్కడో చిక్కు ఉంది. మామూలు పుటికల్లోనూ వీఈజీఎఫ్ మొదటినుంచీ ఉంటుంది. 2000లో బెర్గర్స్, హనహాన్ బృందం ఇచ్చిన జవాబు నా దృష్టిలో ఈ రంగం మొత్తానికీ కీలకం. వీఈజీఎఫ్‌లో కొంత భాగం కణాల చుట్టూ ఉన్న జాలికకు అతుక్కుని నిద్రాణంగా ఉంటుంది. చుట్టూ చేరిన తెల్ల రక్తకణాలు ఎంఎంపీ-9 అనే ఎంజైమ్‌ను వదిలినప్పుడు అది విడివడి, రక్తనాళ కణాల మీది గ్రాహకాలను చేరుతుంది. కాబట్టి వీఈజీఎఫ్ ఎంత ఉందన్న లెక్క ఒక్కటే చాలదు. దాన్ని ఎవరు విడిపిస్తున్నారో, అది చేరే చోట నాళం పెరగడానికి తావుందో లేదో కూడా చూడాలి.

డక్టల్ కణితిలో ఆ తావే కరువు. అత్యధిక కణితుల్లో కేరాస్ జన్యువు మారిపోయి ఉంటుంది. అలా మారిన క్యాన్సర్ కణాలు వదిలే సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతం పక్కనున్న పీచు కణాలను ఉసిగొల్పుతుంది. అవి కొలాజెన్‌ను, నీటిని పట్టి ఉంచే హయాలురొనాన్‌ను కుమ్మరిస్తాయి. గట్టిపడిన ఆ దిబ్బలో పెరిగిన ఒత్తిడికి ఉన్న సన్న నాళాలూ నొక్కుకుపోతాయి. వీఈజీఎఫ్‌ను పట్టి ఆపే బెవసిజుమాబ్ ఇక్కడ ఓడిపోవడంలో అందుకే నాకు ఆశ్చర్యం కనిపించదు. 602 మంది రోగులతో జరిగి 2010లో వెలువడిన అమెరికన్ పరీక్షలో, జెమ్‌సిటబిన్ అనే క్యాన్సర్ మందుకు బెవసిజుమాబ్ జతచేస్తే సగటు బతుకు 5.8 నెలలు, చేయకపోతే 5.9 నెలలు (రెండూ మధ్యస్థ విలువలు). అదే దారిని అడ్డుకునే సునిటినిబ్ మాత్రం న్యూరోఎండోక్రైన్ కణితుల్లో, జబ్బు ముదరకుండా ఉన్న కాలాన్ని 5.5 నెలల నుంచి 11.4 నెలలకు పెంచింది. ఆ ఫలితం 2011లో వచ్చింది.

పీచును తొలగిస్తే మందు లోపలికి వెళ్తుందన్న ఆశ 2009లో గట్టిగా రేగింది. హెడ్జ్‌హాగ్‌ను ఆపిన ఎలుకల్లో నాళాలు పెరిగాయి, జెమ్‌సిటబిన్ ఎక్కువగా చేరింది, ఆయుష్షు 11 రోజుల నుంచి 25 రోజులకు పెరిగింది. మనుషుల్లో హెడ్జ్‌హాగ్‌ను ఆపే మందును జెమ్‌సిటబిన్‌తో కలిపి ఇచ్చిన వర్గం ఇంకా దెబ్బతినడంతో 2012లో పరీక్షను ఆపేశారు. అలా ఎందుకు జరిగిందో 2014లో వచ్చిన మరో ఎలుకల ప్రయోగం సూచించింది. సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువునే తీసేస్తే కణితుల్లో పీచు తగ్గింది, నాళాలు పెరిగాయి, కణితులు మరింత ఉగ్రరూపం దాల్చాయి. కానీ వీఈజీఎఫ్ గ్రాహకాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఆ కణితుల మీద మాత్రం పనిచేసి, ఎలుకల బతుకును పొడిగించింది. పీచు తక్కువగా, నాళాలు దట్టంగా ఉన్న కొద్దిపాటి డక్టల్ కణితులను ముందే వేరుచేసి, ఈ మందులను వాటి మీదే మళ్లీ పరీక్షించవలసి ఉంది. బెవసిజుమాబ్ పరీక్షలో రోగులను అలా వేరుచేసి చేర్చుకోలేదు.