క్యాసనూర్ అటవీ వ్యాధి: పరిశోధన చరిత్ర

క్యాసనూర్ అటవీ వ్యాధి పిడుదుల వల్ల మనుషులకూ కోతులకూ సోకే వైరస్ జ్వరం. కర్ణాటకలోని మలెనాడు ప్రజలు దీన్ని ‘మంగన కాయిలె’ అంటారు, కోతి జబ్బు అని అర్థం. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రం శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో, క్యాసనూర్ అడవిలో మొదటిసారి గుర్తించడంతో ఆ అడవి పేరే దీనికి స్థిరపడింది. డెంగీ, జపనీస్ మెదడువాపు, ఎల్లో ఫీవర్ వైరస్‌లకు ఇది దగ్గరి చుట్టం. అయితే వాటిని దోమలు మోస్తాయి, దీన్ని మాత్రం పిడుదులు మోస్తాయి.

జ్వరం ఉన్నట్టుండి మొదలవుతుంది. తలనొప్పి, భరించలేని ఒళ్లునొప్పులు, వాంతులు, విపరీతమైన నీరసం ఉంటాయి. కొందరికి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది. తగ్గిందనుకున్న జ్వరం కొందరిలో మళ్లీ తిరగబెట్టి మెదడు మీద ప్రభావం చూపుతుంది. సోకినవారిలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు చనిపోతారు. ఒక మనిషి నుంచి మరో మనిషికి మాత్రం అంటదు.

దోమ మీద అనుమానం

1957 మార్చిలో క్యాసనూర్ అడవిలో కొండముచ్చులు, ఎర్రమూతి కోతులు వరసగా చచ్చిపడుతున్నట్టు కబురు వచ్చింది. అదే సమయంలో చుట్టుపక్కల పల్లెల్లో జ్వరాలు పెరిగాయి. వాటిని మొదట టైఫాయిడ్ అనుకున్నారు. పుణెలోని వైరస్ రీసెర్చ్ సెంటర్‌కు మాత్రం ఇంతకంటే పెద్ద భయం పట్టుకుంది. 1952లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి నెలకొల్పిన ఆ సంస్థే నేటి జాతీయ వైరాలజీ సంస్థ. దక్షిణ అమెరికా అడవుల్లో కోతులు చచ్చిపోతున్నాయంటే ఎల్లో ఫీవర్ వచ్చిందన్నమాట. ఆసియాలో ఆ వ్యాధి ఎన్నడూ వ్యాపించలేదు. దాన్ని మోయగల ఏడిస్ దోమ మాత్రం మన దేశమంతటా ఉంది. ఆ వ్యాధి ఒక్కసారి అడుగుపెట్టిందంటే నగరాలకు నగరాలే మంచాన పడతాయి.

సంస్థ డైరెక్టర్ టెల్ఫర్డ్ వర్క్, అమెరికా ఖండపు అడవుల్లో ఎల్లో ఫీవర్ దోమలను పరిశీలించిన హెరాల్డ్ ట్రాపిడో శివమొగ్గకు వచ్చారు. చచ్చిన కోతుల నుంచీ, జ్వరపడ్డ మనుషుల నుంచీ తీసిన నమూనాలను చిట్టెలుకలకు ఎక్కించగా వైరస్ దొరికింది. పరీక్షల్లో అది ఎల్లో ఫీవర్ కాదని తేలింది. 1937లో సోవియట్ తూర్పు ప్రాంతపు అడవుల్లో కనుగొన్న మెదడువాపు వైరస్‌తో దానికి పోలికలు కనిపించాయి. ఆ వైరస్‌ను మోసేది పిడుదు. దాంతో దోమలను పక్కనబెట్టి నేల మీదికి దృష్టి మళ్లించారు.

పిడుదులను పట్టే పద్ధతి చాలా మామూలుది. తెల్లటి గుడ్డను ఎండుటాకుల మీద మెల్లగా ఈడుస్తారు. జంతువు వచ్చిందనుకుని పిడుదులు దానికి పట్టుకుంటాయి. మనుషులను కుట్టేది ఎక్కువగా వాటి రెండో దశ, అంటే పిల్ల పిడుదు. అది గసగసం గింజంత ఉంటుంది, ఒంటి మీద పాకినా తెలియదు. అలా సేకరించిన వాటిలో వైరస్ దొరికింది. ట్రాపిడో, వర్క్‌లతో పాటు పి.కె.రాజగోపాలన్, ఎం.జి.ఆర్.వర్మ ఈ ఫలితాలను 1959లో ప్రకటించారు. హీమాఫిసాలిస్ స్పినిజెరా అనే పిడుదు ప్రధాన వాహకమని స్థిరపడింది. ఈ పనికి పరిశోధకులు తమ ఆరోగ్యాన్నే పణంగా పెట్టారు. ప్రయోగశాల సిబ్బందిలో చాలామందికి ఈ జ్వరం సోకింది.

సైబీరియా వైపు వైరస్ బంధువు మలెనాడుకు ఎలా వచ్చింది? వలస పక్షుల మీద అనుమానం కలిగింది. సలీం అలీ నాయకత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి చేపట్టిన అధ్యయనానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం అందడం వెనుక ఈ అనుమానమూ ఉంది. పక్షులే తెచ్చాయని మాత్రం రుజువు కాలేదు.

బోషెల్ చూసినది

ఈ చరిత్రలో అందరికంటే లోతుగా ఆలోచించినవాడు కొలంబియా శాస్త్రవేత్త హోర్హే బోషెల్ మన్రీకే. స్వదేశంలో ఎల్లో ఫీవర్ మీద పనిచేస్తున్నప్పుడు ఆయన కట్టెలు కొట్టేవాళ్లతో అడవికి వెళ్లాడు. పెద్ద చెట్టు కూలగానే, కొమ్మల చివర ఉండే నీలిరంగు దోమలు దాంతో పాటే కిందికి దిగి మనుషుల చుట్టూ ముసిరాయి. కోతుల్లోని ఎల్లో ఫీవర్ కట్టెలవాళ్లకు ఎలా వస్తోందో ఆయనకు అక్కడే అర్థమైంది.

1960లలో శివమొగ్గ జిల్లాలోని సాగర, సొరబ అడవుల్లో పనిచేస్తూ అదే ప్రశ్నను ఇక్కడి నేలకు వేశాడు. 1969లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇది: ముట్టుకోని అడవిలో ఈ వైరస్ చిన్న జంతువుల మధ్య సద్దుమణిగి ఉంటుంది. జనం పెరిగి అడవి అంచులు నరికి మళ్లు వేసి, పశువులను మేతకు తోలినప్పుడు పరిస్థితి తారుమారవుతుంది. పెద్ద పిడుదులకు పశువుల రక్తం పుష్కలంగా దొరుకుతుంది. రక్తం తాగిన ఒక్కో ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. నరికిన చోట పెరిగిన లంటానా పొదలు వాటికి ఆశ్రయం. పశువుకు జబ్బు రాదు, పిడుదుల సంఖ్య మాత్రం దాని వల్లే పెరుగుతుంది. నేల మీదికి దిగిన కోతికి వైరస్ సోకి, దాని ఒంట్లో విపరీతంగా పెరుగుతుంది. కోతి చచ్చిన చోట వైరస్ నిండిన పిడుదులు రాలిపడతాయి. తర్వాత కట్టెలకో, ఎరువుకు ఆకులకో, పశువుల వెంటో ఆ దారిన వెళ్లిన మనిషిని కుడతాయి.

అడవిని కదిలిస్తే జబ్బు కదులుతుందన్న ఈ మాట ఈరోజు అందరూ అంటున్నారు. గుడ్డతో పిడుదులను పట్టి, లెక్కపెట్టి, సాక్ష్యంతో చెప్పిన తొలివారిలో బోషెల్ ఒకడు. ఆయన వ్యాసానికి రావలసినంత గుర్తింపు రాలేదు. 1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోటల కోసం అడవి నరికాక పెద్ద ఎత్తున వ్యాధి చెలరేగింది. ఆ వ్యాసాన్ని ప్రణాళికలు వేసేవారు చదివి ఉండాల్సింది.

టీకా, విస్తరణ

మొదట సోవియట్ మెదడువాపు వైరస్ టీకానే ఇక్కడ వాడి చూశారు, ఫలించలేదు. తర్వాత కోడి పిండ కణాల్లో వైరస్‌ను పెంచి, ఫార్మలిన్‌తో నిర్జీవం చేసిన టీకా తయారైంది. 2005-10 మధ్య కర్ణాటకలో పరిశీలిస్తే రెండు డోసులకు సుమారు 62 శాతం, బూస్టర్ కూడా వేసుకుంటే 83 శాతం రక్షణ కనిపించింది. ఒక్క డోసు వల్ల ప్రయోజనం లేదు. ఆ టీకా సత్తువ తగ్గిందని తేలడంతో 2022లో వాడకం ఆపేశారు. ఐసీఎంఆర్‌తో కలిసి కొత్త టీకా రూపొందించే పనిని హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ చేపట్టింది.

ఈలోగా వ్యాధి శివమొగ్గ, దక్షిణ కన్నడ జిల్లాలు దాటి ఇంకా విస్తరించింది. 2012లో బందీపూర్, తర్వాత వయనాడ్, గోవా, 2016లో మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లా దీని బారిన పడ్డాయి. 2018-19లో సాగర తాలూకా అరళగోడులో చాలామంది జబ్బుపడ్డారు. దీనికి ప్రత్యేకమైన మందు ఇప్పటికీ లేదు. ద్రవాలు ఎక్కించి, రక్తస్రావాన్ని గమనిస్తూ రోగిని కాపాడుకోవాలి.

జోగ్ జలపాతం ఉన్నది ఆ సాగర తాలూకాలోనే. డిసెంబరు నుంచి మే దాకా అటువైపు అడవుల్లోకి వెళ్లేవారు ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోవాలి, ఎండుటాకుల మీద కూర్చోకూడదు. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా అటవీ సిబ్బందికో ఆరోగ్య సిబ్బందికో చెప్పాలి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఏ అడవికి వెళ్లారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.