కార్టూన్ రూపం - వయోజన వస్తువు: ‘కాంకర్స్ బ్యాడ్ ఫర్ డే’ వీడియో గేమ్ చారిత్రక పరిశీలన

కీలక పదాలు: వీడియో గేమ్ చరిత్ర, ప్లాట్‌ఫామ్ గేమ్, వ్యంగ్యం, వయోవర్గీకరణ, రేర్ సంస్థ, నింటెండో 64.

ఉపోద్ఘాతం

2001 మార్చి 5న ఉత్తర అమెరికాలో నింటెండో 64 యంత్రం కోసం ‘కాంకర్స్ బ్యాడ్ ఫర్ డే’ అనే వీడియో గేమ్ విడుదలైంది. కథానాయకుడు కాంకర్ అనే ఎర్ర ఉడుత. పెద్ద కళ్ళు, గుబురు తోక, నీలిరంగు చొక్కా చూస్తే పసిపిల్లల కార్టూన్ అనిపిస్తుంది. పెట్టె మీద మాత్రం 17 ఏళ్ళు, ఆపై వయసు వారికే తగినదని తెలిపే ‘ఎం’ ముద్ర ఉంటుంది. ఈ గేమ్‌పై చర్చ సాధారణంగా అందులోని బూతుల దగ్గర, రక్తపాతం దగ్గర ఆగిపోతుంది. నిజానికి వాటి లక్ష్యం ప్లాట్‌ఫామ్ గేమ్ అనే ప్రక్రియే. ఒక పాత్ర గట్ల మీద నుంచి గట్ల మీదికి దూకుతూ, వస్తువులు ఏరుకుంటూ ముందుకు సాగే ఆటను ప్లాట్‌ఫామ్ గేమ్ అంటారు. ఆ ప్రక్రియ పిల్లల సొత్తు అన్న భావనను ఈ గేమ్ లోపలి నుంచే ప్రశ్నించింది. ఆ ప్రశ్నను ఏ సంస్థ అనుమతించింది, తరువాత ఎక్కడ దాని నోరు మూయించారు అన్నవి వీడియో గేమ్ చరిత్రలో ఆసక్తికరమైన విషయాలు.

పేరు మార్చుకున్న ఉడుత

దీనిని నిర్మించిన రేర్ సంస్థ ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌కు చెందిన ట్వైక్రాస్ గ్రామంలో ఉంది. 1997లో ఈ సంస్థ ‘కాంకర్స్ క్వెస్ట్’ పేరుతో ఒక సౌమ్యమైన పిల్లల ఆటను ప్రదర్శించింది. 1998లో దాని పేరు ‘ట్వెల్వ్ టేల్స్: కాంకర్ 64’గా మారింది. అదే ఏడు రేర్ సంస్థే ‘బాంజో-కజూయి’ని విడుదల చేసింది. ఎలుగుబంటి, పక్షి జంటగా సాగే ఆ గేమ్ విజయవంతమయ్యాక, అదే ధోరణిలో మరో ముద్దుల జంతువు ఎందుకన్న విమర్శ వచ్చింది. క్రిస్ సీవర్ దర్శకత్వ బాధ్యత తీసుకొని పాత్రను ఉంచి కథనూ స్వభావాన్నీ సమూలంగా మార్చాడు. ఈలోగా 1999లో గేమ్ బాయ్ కలర్ కోసం వచ్చిన ‘కాంకర్స్ పాకెట్ టేల్స్’ అన్ని వయసుల వారికీ తగినదన్న ముద్రతో వెలువడింది. రెండేళ్ళ వ్యవధిలో ఒకే ఉడుత రెండు వ్యతిరేక ముద్రలతో దుకాణాలకు చేరింది. పిల్లలకు ఇదివరకే పరిచయమైన ముఖం కావడం వల్లనే 2001 నాటి గేమ్ కలిగించిన కలవరం ఎక్కువ.

ప్రక్రియను వెక్కిరించిన తీరు

గేమ్ ప్రారంభంలోనే కాంకర్ నింటెండో 64 చిహ్నాన్ని యంత్ర రంపంతో కోస్తాడు. తరువాత కథ వెనక్కి వెళుతుంది. రాత్రి పానశాలలో మితిమీరి తాగిన కాంకర్ ఇంటి దారి తప్పుతాడు. ప్రియురాలు బెర్రీ దగ్గరకు చేరుకోవడమే అతని ఏకైక లక్ష్యం. మరోవైపు పాంథర్ రాజు బల్లకు ఒక కాలు లేదు. దానిమీద పెట్టిన పాలు ఒలికిపోతుంటాయి. ఆ కాలి స్థానంలో నిలబెట్టడానికి ఎర్ర ఉడుత కావాలి. లోకాన్ని రక్షించే వీరగాథలకు ఇంతకంటే చురకైన ఎత్తిపొడుపు ఉండదు.

‘బాంజో-కజూయి’లో ఆటగాడు ఒక్కొక్క నైపుణ్యాన్నీ నేర్చుకుంటూ ముందుకు సాగాలి. ఇక్కడ ‘బి’ అక్షరమున్న పలక మీద నిలబడి బటన్ నొక్కితే ఆ సందర్భానికి కావలసిన సాధనం దానంతట అదే చేతికి వస్తుంది. మొదటి పలక ఇచ్చేది తాగుడు తలనొప్పికి మందు. తళతళలాడే నాణేలకు బదులు కాంకర్ ఏరుకునేది నోరున్న నోట్ల కట్టలు. ఆశను అందమైన ఆభరణంగా చూపే ప్రక్రియలో ఇది అక్షరాలా డబ్బు నోరు విప్పడమే.

యుద్ధ అధ్యాయం ఈ పద్ధతికి పరాకాష్ఠ. 1998 నాటి ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ చిత్రంలోని సముద్రతీర దాడిని అనుకరిస్తూ ఉడుతల సైన్యం ఒడ్డుకు దిగుతుంది. శత్రువులు నాజీ సైనికులను తలపించే టెడ్డీ బొమ్మలు. పసివాడు పక్కలో పెట్టుకొని నిద్రపోయే బొమ్మే తుపాకీ పట్టి ఎదురు నిలుస్తుంది. ఆ అధ్యాయంలో నవ్వు క్రమంగా తగ్గిపోతుంది. అన్ని పేరడీలూ ఈ స్థాయిలో లేవన్నది నిజమే. ‘మ్యాట్రిక్స్’ అనుకరణ చూడముచ్చటగా ఉన్నా కొత్తగా చెప్పేదేమీ లేదు.

ముగింపు ఘట్టంలో బెర్రీ హత్యకు గురవుతుంది. చివరి పోరాటం మధ్యలో గేమ్ స్తంభించినట్లు కనిపిస్తుంది. కాంకర్ ఆ అవకాశంతో ప్రోగ్రామర్లతో బేరమాడి ఆయుధం సంపాదించి గెలుస్తాడు. బెర్రీని బతికించమని అడగలేదన్న సంగతి ఆ తరువాతే తోస్తుంది. అడిగినవన్నీ దొరికే ఆటలో అడగవలసినది మరచిన రాజు సింహాసనం మీద మిగులుతాడు. ప్లాట్‌ఫామ్ గేమ్‌లలో ఇంత చేదైన విజయం అరుదు.

ఇదంతా 64 మెగాబైట్ల కార్ట్రిడ్జిలో ఇమిడింది. 1996 నాటి ‘సూపర్ మారియో 64’ పరిమాణం 8 మెగాబైట్లు. సంభాషణలన్నీ పెదవుల కదలికతో సహా వినిపించడం ఆ యంత్రం మీద పెద్ద సాహసం. కాంకర్‌కూ పలు పురుష పాత్రలకూ సీవర్ స్వయంగా గొంతు ఇచ్చాడు. సంగీతం రాబిన్ బీన్‌లాండ్‌ది.

ముద్ర, మార్కెట్

1993లో ‘మోర్టల్ కాంబాట్’ గృహ రూపంలో రక్తానికి బదులు బూడిదరంగు చెమట చూపిన సంస్థ నింటెండో. అదే సంవత్సరం అమెరికా సెనేట్ విచారణలు జరిగాయి. వాటి ఫలితంగా 1994లో వయోవర్గీకరణ మండలి ఏర్పడింది. ఆ ఏడాది వచ్చిన రెండవ భాగంలో నింటెండో రక్తాన్ని అలాగే ఉంచింది. ముద్ర నిషేధానికి మాత్రమే కాక అనుమతికి కూడా సాధనమైంది. కాంకర్ ఆ అనుమతి అంచుల దాకా వెళ్ళాడు. అయితే ఆ అనుమతి సంకోచంతో ఇచ్చినది. ప్రచారం ‘ప్లేబాయ్’ వంటి పత్రికలకు తరలింది. నింటెండో సొంత పత్రికలో దానికి చోటు లేదు. ఐరోపాలో టీహెచ్‌క్యూ సంస్థ ప్రచురించింది, జపానులో విడుదలే కాలేదు. విమర్శకులు మెచ్చుకున్నా అమ్మకాలు ఆశించినంత లేవు. యంత్రం ఆయుష్షు ముగుస్తున్న కాలమది. 2001 నవంబరు నాటికి గేమ్‌క్యూబ్ అమెరికా చేరింది. ముఖం చూసి పెద్దలు, ముద్ర చూసి పిల్లల తల్లిదండ్రులు పక్కకు జరగడం కూడా ఒక కారణమై ఉండాలి.

2002లో మైక్రోసాఫ్ట్ 375 మిలియన్ డాలర్లకు రేర్‌ను కొన్నది. 2005లో ఎక్స్‌బాక్స్ కోసం ‘కాంకర్: లైవ్ అండ్ రీలోడెడ్’ పేరుతో గేమ్ పునర్నిర్మాణం జరిగింది. పెద్దల యంత్రమని పేరున్న ఎక్స్‌బాక్స్ మీద ఉడుత మరింత స్వేచ్ఛగా మాట్లాడుతుందని ఎవరైనా ఊహిస్తారు. జరిగినది వేరు. బొమ్మలు మెరుగయ్యాయి, బొచ్చు వెంట్రుక వెంట్రుకగా కనిపించింది. మాటల మీద మాత్రం ‘బీప్’ శబ్దాలు పెరిగాయి. మలరాశి పాడే ప్రసిద్ధమైన ఒపెరా గీతంలోనూ కోతలు పడ్డాయి. పిల్లల సంస్థగా పేరుపడ్డ నింటెండో వదిలేసిన మాటలను పెద్దల యంత్రం మింగేసింది. సంస్థ ప్రతిష్ఠను బట్టి నియంత్రణ తీవ్రతను అంచనా వేసే పరిశోధకులకు ఇది మింగుడుపడని ఉదాహరణ. 2015లో వెలువడిన 30 గేమ్‌ల సంకలనం ‘రేర్ రీప్లే’లో చేర్చినది 2005 నాటి మెరుగైన బొమ్మల రూపం కాదు, 2001 నాటి మూల రూపం.