మద్రాసులో ట్రాము బండి

మన నల్గొండ, పాలమూరు వీధుల్లో ట్రాము ఎన్నడూ నడవలేదు. మద్రాసు పోయొచ్చిన పెద్దవాళ్లు చెబితే విన్నదే. రోడ్డు మధ్య పట్టాలు, వాటి మీద గంట కొట్టుకుంటూ సాగే పెట్టె. గుర్రం లేదు, బొగ్గు లేదు, అంతా కరెంటు!

దీని పుట్టిల్లు జర్మనీ. 1881లో బెర్లిన్ పక్కన మొదలైంది. మద్రాసులో 1895 మే 7న నడిచింది, మన దేశంలో అదే మొదటిది. లండను జనం రోజూ కరెంటు ట్రామెక్కింది 1901 నుంచే నంటే నమ్ముతారా?

మొదట్లో తీగ పైన లేదండీ, రోడ్డు కింద కాలువలో పెట్టారు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లల్ని కసురుతాం కదా! ఆ దొరలకు చెప్పేవాళ్లు లేరు కాబోలు. వానలు పడి కాలువ నిండేసరికి తిప్పలు మొదలయ్యాయి. చివరికి తీగను స్తంభాలెక్కించారు.

తర్వాత బస్సులొచ్చాయి. బస్సు ఏ సందుకైనా తిరుగుతుంది, ట్రాము పట్టా దాటదు. కంపెనీ నష్టాల్లో పడి 1953 ఏప్రిల్ 12 రాత్రితో ట్రాములు ఆపేసింది. డ్రైవర్ల, కండక్టర్ల ఇళ్లలో ఆ నెలాఖరు ఎలా గడిచిందో ఇల్లు నడిపే మనం ఊహించుకోగలం.

ఆ ఏడే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన పాలమూరుకు తుంగభద్ర ఆవలనున్న కర్నూలు రాజధాని. ఉద్యోగుల కుటుంబాలు మద్రాసులో సామాను సర్దుకునేనాటికి వీధుల్లో ట్రాము గంట లేదు.