ప్రాణం దక్కిన తరువాత పని దక్కించినవారు

మన సర్వీసు రోజుల్లో ప్రమాదానికి గురైన సహోద్యోగిని పరామర్శించడానికి వెళితే, ఆపరేషను చేసిన డాక్టరుగారి పేరు అందరూ చెప్పేవారు. ఆ తరువాత నెలల తరబడి చేయి పట్టి వేళ్లు ఆడించినవారి పేరు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. వారిని గురించి నాలుగు మాటలు వ్రాయడం ఈ ప్రత్యేక సంచికలో సముచితమని భావిస్తున్నాను.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం, బొటనవేలు పోతే ఇంత, కాలు పోతే ఇంత అని సంపాదన శక్తిలో నష్టాన్ని శాతాల్లో లెక్కగట్టింది. అవయవానికి ఖరీదు కట్టిందే గాని, మనిషిని తిరిగి పనిలో నిలబెట్టే ఊసెత్తలేదు.

ఆ విద్య వేరే దారిన వచ్చింది. యుద్ధంలో కాళ్లు, చేతులు పోగొట్టుకున్న సైనికుల కోసం 1944లో పూనాలో కృత్రిమ అవయవ కేంద్రం వెలిసింది. అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్ గారు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాల ప్రారంభించారు. ఫిజియోథెరపీ శిక్షణ కూడా ఆ దశాబ్దంలోనే అక్కడ మొదలైంది. ఫిజియోథెరపిస్టు కండరానికి బలం, కీలుకు కదలిక తెస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ కాస్త బలంతోనే కలం పట్టడం, ఎడమ చేత్తో వ్రాయడం, కుర్చీ, బల్ల ఎత్తు సరిచేసుకోవడం నేర్పుతారు. 1968లో జైపూరులో శిల్పి రామచంద్రశర్మ, డాక్టర్ పి.కె. సేఠీ రూపొందించిన కృత్రిమ పాదంతో గొంతుకు కూర్చోవచ్చు, చెప్పులు లేకుండా పొలంలో నడవవచ్చు.

వేలూరు ఆసుపత్రి డాక్టర్ మేరీ వర్ఘీస్ గారికి 1954లో ప్రమాదం జరిగి నడుము క్రింది భాగం చచ్చుబడింది. అయినా ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభం కావడానికి ఆమే మూలం.

ఇక మనవారి సంగతి. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో పనిచేసిన నేను, "మెడికల్లీ అన్‌ఫిట్" అన్న రెండు ముక్కలతో మూసిన సర్వీసు రిజిస్టర్లు చూశాను. కాలు లేని మనిషి బల్ల దగ్గర కూర్చుని లెక్కలు వ్రాయగలడా అని అడిగిన కాగితం ఆ ఫైళ్లలో నాకు కనబడలేదు. ఇన్‌వాలిడ్ పెన్షనుతో ఇల్లు చేరినవారికి పోయింది జీతం ఒక్కటే కాదు, పదిమందిలో మర్యాద కూడా.

1995 వికలాంగుల చట్టంలోని 47వ సెక్షను దీనికి అడ్డుకట్ట వేసింది. సర్వీసులో వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. అదే స్కేలులో వేరే పోస్టు ఇవ్వాలి. అది లేకుంటే అదనపు పోస్టులో ఉంచాలి. కాలు పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో, ఇన్‌వాలిడ్ పెన్షను ఇచ్చినా ఈ రక్షణ పోదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 చట్టం ఈ రక్షణను ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకు కొనసాగించింది. ఈ వృత్తులవారికి జాతీయ కమిషను ఏర్పాటుకు చట్టం 2021లో గాని రాలేదు.

చట్టం కుర్చీని నిలబెడుతుంది. ఆ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టేది థెరపిస్టు. కనుక ఉద్యోగంలో ఉన్న మీ పిల్లలకు పక్షవాతమో, ప్రమాదమో సంభవిస్తే, తొందరపడి రిటైర్మెంటు కాగితం మీద సంతకం చేయనివ్వకండి. ముందు థెరపిస్టును కలవమనండి. ఆ తరువాతే ఆఫీసుకు అర్జీ వ్రాయించండి.